ఓటీలోకి చుక్క నీరు రాలేదు: పెన్నా వరద తర్వాత ఒక ఆసుపత్రిని తిరిగి తెరిచిన కేస్ స్టడీ

2021 నవంబర్ 19 ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఆ నీరు పెన్నాలో కలిసి సోమశిల జలాశయానికి చేరింది. అక్కడి నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. నెల్లూరుకూ కోవూరుకూ మధ్య మామూలుగా నిమిషాల్లో అయ్యే ప్రయాణం ఆగిపోయింది.

ఈ కేసు పెన్నా ఉత్తరపు ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిది. 40 పడకలు. కింది అంతస్తులో ఓపీ, క్యాజువాలిటీ, ల్యాబ్, మందుల షాపు, ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) గది, బట్టలు ఉతికే చోటు ఉన్నాయి. వెనక రేకుల షెడ్డులో డయాలసిస్ కోసం నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు ఉంది. పై అంతస్తులో ఆపరేషన్ థియేటర్ (ఓటీ), లేబర్ రూమ్, వార్డులు, నాలుగు డయాలసిస్ మిషన్లు. నేను అక్కడ ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేశాను. కింద మోకాళ్ల పైదాకా నీళ్లు వచ్చాయి. అప్పటికే రోగులందరినీ పైకి చేర్చాం, ప్రాణనష్టం జరగలేదు.

నీళ్లు తీశాక అందరి నోటా ఒకటే మాట: "ఓటీలోకి చుక్క నీరు రాలేదు." మేనేజ్‌మెంట్ అదే అన్నది, సర్జన్లూ అదే అన్నారు. కింద కడుక్కుంటూ పైన ఆపరేషన్లు మొదలుపెట్టుకోవచ్చని ఆలోచన. మాట నిజమే. కానీ ఓటీలో చేతులు కడుక్కునే నీళ్లు కింది సంప్ నుంచి వస్తాయి. పరికరాలు కింది ఆటోక్లేవ్‌లో ఉడుకుతాయి. గౌన్లు, ఆపరేషన్‌లో రోగి మీద కప్పే డ్రేపులు కింద ఉతికినవే. ఆయమ్మలు కింది బురద తొక్కి మెట్లెక్కుతారు. మునిగిన గదిని చూసి అందరూ జాగ్రత్తపడతారు. పొడిగా ఉన్న గదిని మాత్రం ఎవరూ అనుమానించరు. వరద తర్వాత ఆసుపత్రుల్లో నాకు ఎక్కువ భయం ఆ పొడి గదులతోనే.

సంప్ నుంచి పై ట్యాంకుకు

పై అంతస్తుకు వరద చేరింది నది నుంచి కాదు, మా మోటారు నుంచి. సంప్ మూత నేలకు సమానంగా ఉండేది కాబట్టి వరద నీరు నేరుగా అందులోకి దిగింది. కాస్త పక్కనే ఉన్న సెప్టిక్ ట్యాంకు కూడా పొంగింది. కరెంటు రాగానే వార్డుల్లో నీళ్లు లేవని కేకలు మొదలయ్యాయి, వాచ్‌మన్ మోటారు వేశాడు. సబ్‌మెర్సిబుల్ మోటారు కాబట్టి మునిగినా చక్కగా పనిచేసింది. అతన్ని నేను ఏమాత్రం తప్పుపట్టను. వరద వస్తే మోటారు వేయకూడదని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, స్విచ్ దగ్గర ఒక కాగితం ముక్క కూడా అంటించలేదు. ఓటీ బయట స్క్రబ్ సింక్ (ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కునే సింకు) కుళాయి తిప్పితే ఎర్రటి నీళ్లు వచ్చాయి. అంటే పై ట్యాంకు, పైపులు, గీజర్లు, లేబర్ రూమ్ కుళాయిలు అన్నిటిలోకీ ఆ నీళ్లు వెళ్లిపోయాయి.

వెంటనే ప్రతి కుళాయికీ ప్లాస్టర్ చుట్టి "తాగొద్దు, చేతులు కడగొద్దు" అని రాసి అంటించాం. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు తెప్పించాం. చేతులకు ఆల్కహాల్ హ్యాండ్‌రబ్ పెట్టాం. ఇక్కడ ఒక విషయం స్టాఫ్‌కు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చేతికి బురద కనిపిస్తుంటే హ్యాండ్‌రబ్ పనిచేయదు, సబ్బూ నీళ్లూ తప్పనిసరి. అందుకని ప్రతి వార్డు గుమ్మం దగ్గర కుళాయి ఉన్న మూత డ్రమ్ము పెట్టి, అందులో క్లోరిన్ కలిపిన ట్యాంకరు నీళ్లు పోయించాం. ట్యాంకరు నీళ్లని కూడా నమ్మలేదు. వచ్చిన ప్రతి ట్యాంకరునీ క్లోరోస్కోప్‌తో (నీళ్లలో క్లోరిన్ కొలిచే కిట్) చూసి, లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే డ్రమ్ముల్లోకి పోయనిచ్చాం.

సంప్ శుభ్రం చేయడానికి వచ్చిన ప్లంబర్ మంచి పనివాడు. అతని మొదటి ప్రశ్నే చాలామంది డాక్టర్లు కూడా అడిగే ప్రశ్న. "ఏంది సిస్టర్, బ్లీచింగ్ ఇంకో రెండు కిలోలు ఎక్కువ గుమ్మరిస్తే సరిపోదా?"

"సరిపోదన్నా. బురద ఉన్నంతసేపూ క్లోరిన్‌ని ఆ బురదే తినేస్తాది. ముందు ఖాళీ చేసి రుద్ది కడగాల."

అతనికి ఒక్కసారికే అర్థమైంది. సంప్ మొత్తం తోడించి, అడుగున పేరుకున్న ఒండ్రు ఎత్తించి, గోడలు బ్రష్షుతో రుద్దించి, కడిగిన నీళ్లు కూడా తోడేశాకే మంచినీళ్లు నింపాం. మనిషి లోపలికి దిగే ముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. నడుముకు తాడు కట్టి, పైన ఒకరు కాపలా ఉండాలి. సెప్టిక్ నీళ్లు కలిసిన సంప్‌లో విషవాయువులు ఉండొచ్చు.

తర్వాత లెక్క. సంప్ 20,000 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మొత్తం ఒక కిలో క్లోరిన్ పడాలి. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో దాదాపు 33 శాతం క్లోరిన్ ఉంటుంది కాబట్టి మూడు కిలోలు. కానీ పాత బస్తా, నోరు విప్పి తేమ తగిలిన బస్తా అయితే ఆ బలం ఉండదు. 25 శాతానికి పడిపోతే నాలుగు కిలోలు కావాలి. కాబట్టి తూకాన్ని నమ్మకుండా నీళ్లనే పరీక్షించాం. క్లోరోస్కోప్ అంత ఎక్కువ క్లోరిన్‌ని చదవలేదు, అందుకని నమూనాని క్లోరిన్ లేని నీళ్లతో వంద రెట్లు పలచన చేసి చూశాం. పౌడర్‌ని నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోశాం. ఆ నీళ్లు పై ట్యాంకుకు ఎక్కించి, భవనంలో చిట్టచివరి కుళాయి దాకా ఒక్కొక్కటీ తిప్పి, క్లోరిన్ వాసన వచ్చాక కట్టేశాం. రాత్రంతా అలాగే ఉంచి, మర్నాడు మొత్తం వదిలేసి, మళ్లీ మంచినీళ్లు నింపాం. ఎవరూ వాడని కుళాయిలను కూడా వదిలిపెట్టకూడదు. స్టోరు గదిలోదీ, మూతబడిన బాత్రూమ్‌లోదీ కూడా తిప్పాలి. కదలకుండా నిలిచిన నీళ్లలోనే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పైపు గోడలకు జిగురులా పట్టుకుంటాయి.

నీటి నమూనాల కల్చర్ (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) రిపోర్టు వచ్చేదాకా ఓటీ సింకుల మీద ప్లాస్టర్ తీయలేదు. దీనికి సర్జన్లు కొంచెం విసుక్కున్నారు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, కానీ కంటికి తేటగా కనిపించే నీళ్లు శుభ్రమైనవి అనుకోలేం కదా.

రోడ్డు తెగిన రాత్రి

నీళ్ల పని ఇంకా మొదలుకాకముందే ఒక గర్భిణిని ట్రాక్టర్ మీద తీసుకొచ్చారు. మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు నొప్పులు, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది. నెల్లూరు పంపడానికి దారి లేదు. నీళ్లు లేవు, ఆటోక్లేవ్ మునిగింది. అయినా ఆపరేషన్ చేయాల్సిందే.

మాకు రెండు వనరులు మిగిలాయి. ఒకటి, వరదకు ముందే స్టెరిలైజ్ చేసి పై అంతస్తు అలమారాలో పెట్టిన ప్యాకులు. ప్యాకు తడవకుండా, చిరగకుండా, మూత ఊడకుండా, అనవసరంగా చేతులు తగలకుండా ఉంటే దాన్ని వాడొచ్చు. ఒక మూల చెమ్మ తగిలినా అది స్టెరైల్ కాదు, తారీఖు నిన్నటిదైనా సరే. ఓటీ టెక్నీషియన్, నేను టార్చి వేసుకుని ఒక్కొక్క ప్యాకునూ తిప్పి చూశాం. కిటికీ పక్కన ఉన్నవాటి మీద జల్లు పడింది, వాటిని పక్కకు తీసేశాం.

రెండోది ఆల్కహాల్ సర్జికల్ హ్యాండ్‌రబ్. చేతులు ముందే శుభ్రంగా, పొడిగా ఉంటే నీళ్లతో స్క్రబ్ చేయడానికి బదులుగా దీన్ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. క్యాన్ నీళ్లతో, సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరాక, సీసా మీద రాసిన సమయం మేరకు మోచేతుల దాకా రుద్దుకున్నారు.

యాంటీబయాటిక్ దగ్గర చిన్న చర్చ జరిగింది. గైనకాలజిస్టు మేడమ్ వారం రోజులు ఇద్దామన్నారు. చుట్టూ బురద చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కోత పెట్టే ముందు ఇచ్చే ఒక్క డోసే పని చేస్తుందనీ, ఆపరేషన్ అయ్యాక రోజుల తరబడి పొడిగిస్తే గాయానికి అదనపు మేలు ఉండదనీ, మొండి బ్యాక్టీరియా మాత్రం పెరుగుతాయనీ నేను గుర్తుచేశాను. మేడమ్ ఒప్పుకున్నారు. సెఫాజోలిన్ ఒక్క డోసు ఇచ్చారు. ఆడపిల్ల పుట్టింది. ఆ తల్లికి 30 రోజులు ఫోన్ చేసి గాయం గురించి కనుక్కున్నాం, బాగా మానింది.

ఆ రాత్రి తర్వాత మిగిలిన ప్యాకులు లెక్కపెట్టి, అలమారాకు తాళం వేశాం. తాళం చెవి డ్యూటీ డాక్టర్ దగ్గర ఉండేది. ప్రాణం మీదికి వచ్చిన కేసుకు తప్ప ఆ తలుపు తీయకూడదని మేనేజ్‌మెంట్ చేత రాయించుకున్నాం. హెర్నియాలు, హైడ్రోసిల్‌లు అన్నీ వాయిదా వేశాం.

బురద ఎత్తినవాళ్లు

మా ఆయమ్మల్లో చాలామంది ఇళ్లు మునిగాయి. అయినా పనికి వచ్చారు. ఒకామె అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "మా ఇంట్లో బురద మాపటేల ఎత్తుకుంటాంలే సిస్టరమ్మా, ఇక్కడ పేషెంట్లుండారు." అలాంటి మనుషులను చెప్పుల కాళ్లతో ఆ బురదలోకి దించడం అన్యాయం. ఆసుపత్రి బురదలో సూదులుంటాయి, పగిలిన ల్యాబ్ ట్యూబులుంటాయి. సూదుల డబ్బాలు కొన్ని తేలి బోర్లాపడ్డాయి. గమ్ బూట్లు, దళసరి రబ్బరు గ్లౌజులు దొరికేదాకా క్యాజువాలిటీ, ల్యాబ్ గదులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పారలతో ఎత్తడమే, చేత్తో తడమడం లేదు. అందరికీ ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా టీడీ ఇంజెక్షన్ వేయించాం.

కడగడంలో వరస తప్పకూడదు. బురద తడిగా ఉన్నప్పుడే ఎత్తాలి, ఎండితే దుమ్మై లేచి మెట్ల మీదుగా పైకి వెళ్తుంది. ఎత్తాక సబ్బు పొడి నీళ్లతో రుద్దాలి. గోడల పైనుంచి కిందికి, శుభ్రమైన గది నుంచి మురికి గదికి సాగాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. అప్పుడు మాత్రమే క్లోరిన్. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ డబ్బా అయితే ఒక పాలు మందు, తొమ్మిది పాళ్లు నీళ్లు. 0.5 శాతం ద్రావణం వస్తుంది. పది నిమిషాలు తడి ఆరకుండా ఉండాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, ఎండలో పెట్టిన డబ్బా బలం కోల్పోతుంది.

ఇంత చెప్పినా గేటు ముందు తెల్లగా బ్లీచింగ్ చల్లించాలని పట్టుబట్టినవాళ్లు ఉన్నారు. ముగ్గు పోసినట్టు కనిపిస్తే జనానికి ధైర్యంగా ఉంటుందని వాళ్ల అభిప్రాయం. బురద మీద చల్లిన పొడి వల్ల బురదకు తప్ప ఎవరికీ ఏమీ జరగదు, ఆ పొడి మాకు సంప్‌కు కావాలి. ఆ బస్తాలు నేను ఇవ్వలేదు.

ఒక ప్రమాదం కొద్దిలో తప్పింది. బాత్రూమ్‌లో బ్లీచింగ్ నీళ్లు నిలిచి ఉండగానే, మరకలు పోవడం లేదని ఒకామె బాత్రూమ్ యాసిడ్ పోసింది. క్షణాల్లో క్లోరిన్ వాయువు లేచింది. దగ్గుతూ బయటకు పరుగెత్తుకొచ్చారు. తలుపులు బార్లా తీసి అందరినీ ఆవరణలోకి పంపాం. ఒకామెకు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది, సాయంత్రానికి తేరుకుంది. మన ఇళ్లల్లో ఈ రెండూ కలిపి కడిగే అలవాటు ఉంది. ఆ రోజు నుంచి కింది అంతస్తు శుభ్రం అయ్యేదాకా యాసిడ్ సీసాలన్నీ స్టోరులో పెట్టి తాళం వేశాం.

ఆరడం లేదు

కడగడం కంటే ఆరబెట్టడం కష్టం. నవంబర్, డిసెంబర్ మన దగ్గర ఈశాన్య రుతుపవనాల కాలం. వరద తీసినా వాన తీయదు, ఎండ మొహం చూపించదు. తడిసిన వస్తువు 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. సిమెంటు గోడ, గ్రానైట్ నేల, స్టీలు మంచం కడిగితే బాగుపడతాయి. ఫోమ్ పరుపు, ప్లైవుడ్, అట్టపెట్టె బాగుపడవు.

పరుపుల దగ్గర పెద్ద గొడవైంది. పైన రెక్సిన్ ఉంది కదా, తుడిస్తే చాలు అన్నారు స్టోర్స్ వాళ్లు. ఒక పరుపు కుట్టు దగ్గర కోసి చూపించాను. లోపల ఫోమ్ నల్లటి నీళ్లు కారుతోంది. కింది అంతస్తు పరుపులన్నీ ఆ సాయంత్రమే తీసేయడానికి ఎండీ గారు ఒప్పుకున్నారు. డబ్బు నష్టం చిన్నది కాదు, ఆయన ఒప్పుకోవడాన్ని నేను గౌరవిస్తాను.

క్యాజువాలిటీ, ల్యాబ్ మధ్య ప్లైవుడ్ పార్టిషన్‌లు నీటి గుర్తు కంటే ఒక అడుగు పైదాకా కోసి తీసేశాం. వెనకవైపు అప్పటికే పచ్చటి, నల్లటి బూజు కనిపించింది. కోసేటప్పుడు లేచే పొడిలో ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు బీజాలు ఉంటాయి. కాబట్టి ఆ గది చుట్టూ నేల నుంచి సీలింగు దాకా ప్లాస్టిక్ షీటు కట్టి, మెట్ల దారి మూసి, పనివాళ్లకు ఎన్95 మాస్కులిచ్చాం. ఓటీకి గాలి తీసుకునే చోటు సరిగ్గా ఆ మెట్ల పక్కనే ఉంది. ఓటీలోకి చుక్క నీరు రాలేదన్న మాట నిజమే, కానీ కింది గాలి మాత్రం రోజూ పైకి వెళ్లేది. ఆ పని అయ్యేదాకా ఓటీ ఏసీ ఆపి, తర్వాత ఫిల్టర్లు మార్పించాం. కింది అంతస్తు స్ప్లిట్ ఏసీలు కూడా విప్పి కడిగేదాకా ఎవరూ వేయలేదు. ఫ్యాన్లు మాత్రం కడిగిన గదుల్లో రాత్రింబవళ్లు తిరిగాయి. గోడ ఆరిందా లేదా అన్నది చేత్తో తాకి చెప్పలేం. పెయింటింగ్ కాంట్రాక్టరు దగ్గర తేమ కొలిచే మీటరు ఉంటే అడిగి తెచ్చుకున్నాం.

అదే ఏడాది వేసవిలో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ కేసులు చూశాం. షుగరు, స్టెరాయిడ్లు ఉన్న మనిషికి బూజు ఎంత ప్రమాదమో మా స్టాఫ్‌కు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయింది.

ఓటీకి ఫార్మాలిన్ ఫ్యూమిగేషన్ చేయించి మొదలుపెడదామని కూడా ఒత్తిడి వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఫ్యూమిగేషన్ అంటే ఒక నమ్మకం. పొగ పట్టిస్తే చెమ్మ పోదు, ఫిల్టరులో దుమ్ము పోదు, పైపులో నీళ్లు మారవు. పైగా ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. ఓటీని డిటర్జెంటుతో, తర్వాత డిసిన్ఫెక్టెంటుతో గోడలూ లైట్లూ సహా తుడిపించాం. పొగ పెట్టలేదు.

టేపు రంగు మారింది, పరీక్ష ఫెయిలయింది

ఈ కేసులో ఏదైనా ఒక్క భాగమే చదివే సమయం ఉంటే ఈ భాగం చదవండి.

ఆటోక్లేవ్‌ను మెకానిక్ వచ్చి విప్పి, వైరింగ్ ఆరబెట్టి, హీటర్ మార్చి నడిపించాడు. ప్రెషర్ మీటరు 15 పౌండ్లు చూపించింది. ప్యాకు మీద అతికించిన ఇండికేటర్ టేపు మీద నల్ల గీతలు వచ్చాయి. చూసినవాళ్లంతా ఇక ఆపరేషన్లు మొదలు అనుకున్నారు.

నేను లోడు మధ్యలో, అడుగు డ్రెయిన్ దగ్గర స్పోర్ పరీక్ష సీసాలు పెట్టించాను. వీటిలో జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. ఆవిరికి చాలా మొండివి, ఇవి చస్తే మిగతావన్నీ చచ్చినట్టే. ఆవిరి పట్టాక ఇంక్యుబేటర్‌లో పెడితే ద్రవం ఊదా రంగులోనే ఉండాలి. 48 గంటల్లోపే డ్రెయిన్ దగ్గరి సీసా పసుపు రంగుకు తిరిగింది. బీజాలు బతికే ఉన్నాయి.

కారణం వెతికితే చిన్నదే. చాంబర్ అడుగున ఉండే జల్లెడలో సన్నటి ఒండ్రు గట్టిపడి కూర్చుంది. ఇలాంటి ఆటోక్లేవ్‌లో ఆవిరి పైనుంచి నింపుతూ, బరువైన గాలిని అడుగు డ్రెయిన్ గుండా బయటకు నెడుతుంది. డ్రెయిన్ మూసుకుపోతే గాలి లోపలే ఉండిపోతుంది. గాలి, ఆవిరి కలిసి మీటరు మీద 15 పౌండ్లు చూపిస్తాయి, కానీ గాలి చిక్కుకున్న చోట 121 డిగ్రీలు రావు. బయటి టేపు తనకు తగిలిన వేడిని మాత్రమే చూస్తుంది. ప్యాకు నడిమధ్యలో కత్తెరకు ఏమైందో దానికి తెలియదు.

జల్లెడ, డ్రెయిన్ లైను శుభ్రం చేయించి, తలుపు గాస్కెట్ మార్పించి, ట్యాంకరు మంచినీళ్లతో మళ్లీ నడిపించాం. వరసగా మూడు లోడ్లు స్పోర్ పరీక్షలో పాసయ్యాకే ఓటీకి పరికరాలు పంపాం. ప్రతి ప్యాకు లోపల కెమికల్ ఇండికేటర్ పెట్టడం ఆ రోజు నుంచి తప్పనిసరి చేశాం. చిన్న ఆసుపత్రులు స్పోర్ పరీక్షను ఖర్చు అనుకుని మానేస్తుంటాయి. ఆ రోజు మానేసి ఉంటే, టేపును నమ్మి ఎంతమంది కడుపులు కోసేవాళ్లమో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

డయాలసిస్ చివర

మిషన్లు పైనే ఉన్నాయి, ఎండిపోయే ఉన్నాయి. ఆర్వో ప్లాంటు మాత్రం షెడ్డులో మునిగింది. ఇక్కడ రెండు ప్రమాదాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. మామూలు పైపులను శుభ్రం చేయడానికి మేము వేసిన 50 మిల్లీగ్రాముల క్లోరిన్ డయాలసిస్ లైనులోకి వెళ్తే ఆర్వో మెంబ్రేన్లు పాడవుతాయి. రోగి రక్తంలోకి చేరితే ఎర్ర కణాలు పగిలిపోతాయి. డయాలసిస్ నీళ్లలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అందుకే సంప్ పని మొదలుపెట్టకముందే ఆర్వోకు వెళ్లే వాల్వు కట్టేసి, పైపు విప్పి మూత బిగించాం. వాల్వు ఒక్కటీ చాలదు, ఎవరో ఒకరు తిప్పేస్తారు.

ఇసుక, కార్బన్, మెంబ్రేన్లు అన్నీ కొత్తవి వేయించాం. నీటి కల్చర్, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) రిపోర్టులు వచ్చాకే మొదటి రోగిని ఎక్కించారు. అప్పటిదాకా రోడ్డు బాగుపడ్డాక నెల్లూరు సెంటర్లకు పంపాం. రోడ్డు లేని ఆ మొదటి రోజుల్లో మాత్రం నెఫ్రాలజిస్టు ఫోన్‌లో చెప్పినట్టు ఆహారం, నీళ్లు కట్టడి చేసి గట్టెక్కించాం. సహాయం చేసేవాళ్లు మంచి మనసుతో అరటిపండ్లు, కొబ్బరి బోండాలు పంచుతున్నారు. కిడ్నీ రోగికి ఆ పొటాషియం గుండె ఆపేయగలదు. ప్రతి ఇంటికీ ఫోన్ చేసి వద్దని చెప్పించాం.

కాళ్ల గాయాలు, జ్వరాలు

ఓపీ తెరిచాక వచ్చినవాళ్లలో ఎక్కువమంది బురద ఎత్తుతూ రేకులు, గాజు గుచ్చుకున్నవాళ్లే. వరద నీళ్లలో తగిలిన గాయాన్ని వెంటనే కుట్టేయకూడదు. బాగా కడిగి, చచ్చిన కండ తీసి, తెరిచి ఉంచి, రెండు నుంచి ఐదు రోజుల్లో శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టాలి. వేరేచోట అప్పటికప్పుడు కుట్లు వేయించుకుని వచ్చిన ఒక రైతు పాదం తెరిస్తే లోపల చీము. తీరం వైపు రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్లు ఉప్పునీటి గాయాలతో వస్తే విబ్రియో బ్యాక్టీరియా గురించి కూడా ఆలోచించమని డ్యూటీ డాక్టర్లకు చెప్పి పెట్టాం. 2005లో కత్రినా తుఫాను తర్వాత అమెరికాలో 22 విబ్రియో కేసులు నమోదైతే అందులో ఐదుగురు చనిపోయారు. లివర్ జబ్బు ఉన్నవారికి గంటల్లో ముదురుతుంది.

స్టాఫ్‌కు వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, బురద పని జరిగినన్నాళ్లూ ఇచ్చాం, ఎలుక జ్వరం రాకుండా. గర్భిణి స్టాఫ్‌కు ఆ మాత్ర ఇవ్వకూడదు కాబట్టి వాళ్లను బురద పనిలోకే పంపలేదు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఎవరైనా సరే అదే రోజు డాక్టర్‌కు చూపించుకోవాలని అటెండెన్స్ పుస్తకం పక్కనే రాసి పెట్టాం. చాలామందికి కాలి వేళ్ల మధ్య పాచిపోయింది. పొడి సాక్సులు, మందు ఆసుపత్రే ఇచ్చింది.

బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లే వ్యాన్ రోడ్డు లేక రాలేదు. చట్ట ప్రకారం 48 గంటలకు మించి ఉంచకూడదు. ఉంచాల్సి వస్తే తగిన జాగ్రత్తలు తీసుకుని, కారణంతో కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి. పసుపు సంచులను రెట్టింపు కట్టి, మేడ మీద తాళం ఉన్న గదిలో పెట్టి, ఆ ఉత్తరం పంపాం.

తర్వాత

ఆటోక్లేవ్ గదిని పై అంతస్తుకు మార్చారు. సంప్ మూత చుట్టూ నడుము ఎత్తు సిమెంటు గట్టు కట్టారు. మోటారు స్విచ్ మీద ఎర్ర అక్షరాలతో "వరద వస్తే వేయవద్దు, సిస్టర్‌ను అడగండి" అని రాయించారు. ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో, ఈశాన్య వానలకు ముందు, బ్లీచింగ్ స్టాకు తారీఖు, స్పోర్ పరీక్ష సీసాలు, గమ్ బూట్ల సైజులు చూసుకుంటున్నారు. సైజులు ఎందుకంటే, మొదటిసారి తెచ్చినవన్నీ మగవాళ్ల సైజులే. ఆయమ్మల కాళ్లకు అవి ఊడిపోయేవి.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు నెల్లూరు జిల్లాలో కుండపోత వానలు కురిశాయి. ఆసుపత్రి ఆవరణలో నీళ్లు నిలిచాయి, లోపలికి రాలేదు. వాచ్‌మన్ మోటారు ప్లగ్గు ముందురోజు సాయంత్రమే పీకి పెట్టాడు. ఆర్వో షెడ్డుకు ఇసుక బస్తాలు అడ్డం వేశారు. స్టెరైల్ ప్యాకులు పై అరలకు ఎక్కించారు, కిటికీ పక్కన ఒక్కటీ లేదు. వ్యర్థాల గది మాత్రం ఇంకా కిందే, వెనక గోడ పక్కనే ఉంది. దాన్ని మార్చడానికి మేడ మీద చోటు చూస్తున్నారు.